నీళ్ళ క్యాన్ మీద నింద వేయకమ్మా

ప్రశ్న: అమ్మా, నాకు 41 ఏళ్ళు. మాది నెల్లూరు, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. నాన్నకి పక్షవాతం వచ్చాక ఇల్లు నా జీతం మీదే నడిచింది. చెల్లెలి పెళ్ళి, తమ్ముడి చదువు అయ్యాక 38లో నా పెళ్ళయింది. మా ఆయనకి 44. శ్రీపెరుంబుదూరులో ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. పోయిన ఏడాది నీళ్ళు పోసుకున్నాను, ఎనిమిదో వారంలో పోయింది. ఆ వారంలోనే ఒకరోజు లిఫ్టు పనిచేయక నీళ్ళ క్యాన్ నేనే మూడో అంతస్తుకి మోశాను. అందుకే పోయిందని అత్తగారంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. ఈమధ్య ఒక డాక్టరు అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ 0.6 ఉంది, వేరే స్త్రీ అండానికి, అంటే డోనర్ ఎగ్‌కి వెళ్ళిపొమ్మని పది నిమిషాల్లో తేల్చేశారు. సొంతంగానే ప్రయత్నించనా, డాక్టరు మాట విననా, దత్తత చూసుకోనా? అసలు ఈ వయసులో బిడ్డ కావాలనుకోవడం స్వార్థమా? రేపు బడి దగ్గర నన్ను అమ్మమ్మ అనుకుంటారు కదా. వచ్చే కార్తీకంలో మా ఆయనకి 45 నిండుతాయి. ఏం చేయమంటారు?
వేళచ్చేరి సోదరి

జవాబు: నీకంటే ఇరవయ్యేళ్ళు పెద్దదాన్ని, నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. నేను డాక్టర్ని కాదు. నలభై ఒకటో ఏట తల్లినైనదాన్ని, అంతే. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా నీలాంటి వాళ్ళతో మాట్లాడుతూ, వాళ్ళతో పాటు ఆసుపత్రి బెంచీల మీద కూర్చుంటూ తెలుసుకున్నది చెప్తాను.

ముందు ఆ క్యాన్ సంగతి తేలుద్దాం. నువ్వు అడిగిన నాలుగు ప్రశ్నల్లో అది లేదు గానీ, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది.

2004 ఎండాకాలం ఈ చెన్నైలో ఉన్నవాళ్ళకి గుర్తుంటుంది. కుళాయిలు ఎండిపోయాయి. మాంబళంలో మా వీధికి మెట్రో వాటర్ లారీ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చిందంటే రాత్రి పదకొండైనా సరే రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని పరుగెత్తాలి. అప్పుడు నాకు ఐదో వారం. ఆయన ఊళ్ళో లేరు. చంకనొకటి, చేత్తో ఒకటి, రెండు నిండు బిందెలు మేడ మీదికి మోశాను. మోశాక భయమేసి తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను. నా బిడ్డ నిలిచింది. నువ్వు ఒక్క క్యాన్ మోశావు, నీది నిలవలేదు. నా బిందెలు నా బిడ్డని నిలబెట్టలేదు, నీ క్యాన్ నీ బిడ్డని పడగొట్టనూ లేదు.

తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. చాలాసార్లు అండం తయారయ్యేటప్పుడే ఆ పొరపాటు జరిగి ఉంటుంది. నువ్వు మెట్లెక్కకపోయినా, బొప్పాయి తినకపోయినా, బస్సెక్కకపోయినా అది ఆగదు. వయసు పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. నలభై దాటాక వచ్చిన గర్భాల్లో సుమారు మూడింట ఒకటి, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువే, ఇలా పోతుంది. మీ అత్తగారు చెడ్డ మనిషని నేననను. ఆవిడకి అందిన కారణం క్యాన్, అది కంటికి కనిపించింది. క్రోమోజోము కనిపించదు. కానీ ఇంకోసారి ఆ మాట వస్తే పక్కన ఉండాల్సింది మీ ఆయన, జవాబు చెప్పాల్సిందీ ఆయనే. "అమ్మా, డాక్టరు కాదన్నారు, ఇక ఆ మాటొద్దు" అంటే చాలు.

ఇప్పుడు ఆయన సంగతి. నీ ఏఎంహెచ్ అంకె దశాంశంతో సహా రాశావు. నీ థైరాయిడ్ రాశావు, నీ స్కాన్లు రాశావు. ఇక్కడ కుదించి వేసిన నీ మూడు పేజీల ఉత్తరంలో ఆయన పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. డాక్టరు అడిగారా? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. పోయిన ఏడాది గర్భం వచ్చింది కాబట్టి ఆయనకేం లోటు లేదని మీరంతా అనుకుని ఉండొచ్చు. నిజమే, అది మంచి సూచన. నీ ట్యూబుల్లో కనీసం ఒకటి అప్పటికి తెరుచుకునే ఉందని కూడా దాంతో తెలిసింది. అయినా ఏడాదిలో చాలా మారతాయి. వీర్యపరీక్ష నీ ఏఎంహెచ్ కంటే చవక, సూది పోటు కూడా ఉండదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకి ఎడం పాటించి ఇవ్వాలి. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది, కాబట్టి సిగరెట్టో ఖైనీయో ఉంటే ఇవాళ మానేసిన ఫలితం అప్పటికి గానీ కనిపించదు. కొలిమి దగ్గరో బాయిలర్ దగ్గరో డ్యూటీ అయితే ఆ వేడి సంగతి డాక్టరుకి చెప్పమను. ఈ ఒక్క పరీక్ష చేయించకుండా నీకు ఒక్క ఇంజెక్షన్ కూడా పడకూడదు, ఇది నా మొండిపట్టు.

ఏఎంహెచ్ గురించి అనవసరంగా ఎంతమంది ఏడ్చారో లెక్క లేదు. ఆడపిల్ల పది ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, అక్కణ్ణుంచి తరగడమే. మిగిలిన మూటలో ఎన్ని ఉన్నాయో సుమారుగా చెప్పేది ఏఎంహెచ్. అవి ఎలాంటివో అది చెప్పదు. ఈ నెల నీకు గర్భం వస్తుందో రాదో కూడా చెప్పదు. ఐవీఎఫ్‌లో, అంటే అండాన్ని బయట ఫలదీకరించి లోపల పెట్టే చికిత్సలో, ఇంజెక్షన్లు వేస్తే ఎన్ని అండాలు చేతికొస్తాయో అంచనా వేయడానికి మాత్రం పనికొస్తుంది. 0.6 అంటే నాలుగైదు రావచ్చు, రెండే రావచ్చు. నాణ్యతని తేల్చేది వయసు. 35 దాటినవాళ్ళు ఆరు నెలలు చూసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటారు, 40 దాటితే ఆ ఆరు నెలలు కూడా ఆగొద్దంటారు. నువ్వు వెళ్ళావు, మంచి పని చేశావు. పది నిమిషాల్లో తేల్చేయడమే నాకు నచ్చలేదు. చెప్పిన మాట తప్పని కాదు, చెప్పిన తీరు. నెలసరి రెండో రోజునో మూడో రోజునో స్కాన్ చేసి ఎన్ని ఫాలికిల్స్, అంటే అండాలుండే చిన్న సంచులు, కనిపిస్తున్నాయో లెక్కపెట్టే డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకో. ఒక్క నెలలో అయిపోయే పని ఇది.

అంకెలు దాచకుండా చెప్తాను. 40 నుంచి 42 మధ్య సొంత అండంతో ఐవీఎఫ్ చేస్తే, జాగ్రత్తగా లెక్క రాసే దేశాల్లో కూడా నూటికి పదిమంది, కాస్త అటూ ఇటూగా, బిడ్డతో ఇంటికి వెళ్తారు. 43 దాటితే అందులో సగం. డోనర్ ఎగ్ అయితే లెక్క ఆ అండం ఇచ్చిన అమ్మాయి వయసు మీద ఉంటుంది, కాబట్టి మూడింతలు మెరుగు. సినిమావాళ్ళు నలభై ఐదులో కవలల్ని కన్నారని ఫొటోలు చూస్తాం. ఎవరి అండమో పత్రికల్లో వేయరు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఆవిడ కవలల్ని కంటే మన టీవీలు పండగ చేసుకున్నాయి. అది చూసి "మనకింకా టైముందిలే" అన్నవాళ్ళు నాకు తెలుసు. అది కూడా డోనర్ అండమే. ఆ తర్వాత 2021లో చట్టం వచ్చింది. ఇప్పుడు ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 దాటితే ఈ చికిత్స చేయకూడదు.

ఆ చట్టమే డోనర్‌కీ గీత గీసింది. 23 నుంచి 35 ఏళ్ళ మధ్య స్త్రీ, జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకి మించకుండా ఇవ్వాలి. పుట్టిన బిడ్డ మీద ఆవిడకి ఏ హక్కూ ఉండదు, చట్టం కళ్ళలో ఆ బిడ్డ నీ బిడ్డే. చట్టం కళ్ళు సరే, పురిటి గదిలోకి వచ్చే చుట్టాల కళ్ళుంటాయి. ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి, నుదురు వాళ్ళ తాతగారిదేనా అని చూస్తారు. ఆ ముక్కు మాట వినగలనా అని నువ్వు ముందే నిన్ను అడిగి చూసుకో. నవ్వి ఊరుకోగలను అనిపిస్తే డోనర్ దారి నీకు సరిపోతుంది. గుండె పట్టేస్తుంది అనిపిస్తే ఇంకొన్నాళ్ళు ఆగు, లేదా ముందు సొంత అండంతో ఒక్కసారి ప్రయత్నించు. పదిమందిలో ఒకరికే అని తెలిసి చేయించుకోవడం తప్పేం కాదు, తెలియకుండా చేయించుకోవడమే తప్పు. బిడ్డకి పెద్దయ్యాక ఈ సంగతి చెప్పాలా వద్దా అంటే, చెప్పాలనే నా లెక్క. ఇంటి గుట్టు బయటివాళ్ళ నోట వినడం కంటే అమ్మ నోట వినడం నయం.

క్లినిక్ సంగతి. దక్షిణాదిలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1990లో ఈ చెన్నైలోనే పుట్టింది. అప్పట్నుంచీ నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్ళకి ఇదే దారి. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద ఎక్కడ చూసినా నవ్వే పాపాయి బోర్డే. నా తొలి సైకిల్, అంటే ఒక విడత ఐవీఎఫ్, ఒకచోట చేయించుకున్నాను, పేరు అనవసరం. మూడు సైకిళ్ళ ప్యాకేజీ అని ముందే డబ్బు కట్టించుకున్నారు. హార్మోన్ ఇంజెక్షన్లు చల్లగా ఉండాలని ఫ్లాస్కులో ఐసు వేసి, మాంబళం స్టేషన్‌లో లోకల్ ఎక్కి, కోడంబాక్కం, నుంగంబాక్కం, చెట్‌పట్ దాటి ఎగ్మూరులో దిగి నడిచేదాన్ని. ఒళ్ళో ఫ్లాస్కుని పసిబిడ్డలా పట్టుకునేదాన్ని. పద్నాలుగో రోజు రక్తపరీక్ష పాజిటివ్ అన్నారు, స్వీట్లు పంచాం. వారం తిరక్కుండా రక్తంలో ఆ గర్భం హార్మోన్ అంకె పడిపోయింది, నెలసరి వచ్చేసింది. తర్వాత ఒకరోజు వాళ్ళ రిసెప్షన్‌లో కూర్చుని ఉంటే గోడ మీద ఆ నెల సక్సెస్ లెక్క కనిపించింది. ఆ నెల పాజిటివ్ వచ్చినవాళ్ళందరూ అందులో ఉన్నారు, నేనూ ఉన్నాను. వాళ్ళ లెక్కలో నేను నెగ్గాను. మిగతా రెండు సైకిళ్ళ డబ్బు వదులుకుని వేరే చోటికి వెళ్ళాను.

అందుకే వెళ్ళినచోటల్లా ఈ ఒక్క మాట అడుగు: "నా వయసు వాళ్ళు, సొంత అండంతో, పోయిన ఏడాది మీ దగ్గర ఎంతమంది చేయించుకున్నారు, అందులో ఎంతమంది బిడ్డని ఎత్తుకుని ఇంటికి వెళ్ళారు?" పాజిటివ్ ఎంతమందికి అని కాదు, అన్ని వయసులూ కలిపి కాదు. చెప్పలేకపోతే లేచి వచ్చెయ్. చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమను. గ్యారంటీ అన్నవాడి దగ్గర కూర్చోవద్దు.

డబ్బు దగ్గర గీత ముందే గీసుకో. ఈ ఊళ్ళో ఒక సైకిల్ మందులతో కలిపి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది, డోనర్ అయితే పైన ఇంకా. మొదటి ఇంజెక్షన్ పడకముందే ఇద్దరూ కూర్చుని "ఎన్నిసార్లు, ఎంత" అని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఒకసారి మొదలయ్యాక ఆ అంకె రాయలేరు. "ఇంకొక్కసారి" అనే మాటకి గాజులు పోతాయి, తర్వాత నెల్లూరులో స్థలం పోతుంది. ఆయన పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు. రేపు బిడ్డ తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన రిటైరవుతారు. ఫీజులు కట్టేది ఆ డబ్బుతోనే.

ఈలోపు సొంతంగా ప్రయత్నం ఆపాల్సిన పని లేదు. అండం ఒక రోజు కూడా సరిగా బతకదు గానీ వీర్యకణాలు ఐదు రోజుల దాకా ఉంటాయి. కాబట్టి "అండం ఎదుగుదల చూసే స్కాన్‌లో పద్నాలుగో రోజు వచ్చింది, ఆయనకేమో నైట్ షిఫ్టు" అని తల కొట్టుకోకు. అండం విడుదలయ్యే ముందు వారంలో రోజు విడిచి రోజు చాలు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇవాళే మొదలుపెట్టు. షుగరు, బీపీ, థైరాయిడ్ సరిచూసుకో. రుబెల్లా టీకా వేయించుకోవాల్సి వస్తే ఆ తర్వాత నెల రోజులు ఆగాలి, అది ముందే చూసుకుంటే నెల కలిసొస్తుంది.

మీ అత్తగారు తిరుక్కరుకావూరు గర్భరక్షాంబిక గుడికి వెళ్దామంటే వెళ్ళిరా. తంజావూరు వైపు, చల్లటి ఊరు. అక్కడిచ్చే నెయ్యి 48 రోజులు తినమంటారు, నేనూ తిన్నాను, మా అమ్మ తృప్తి కోసం. కానీ ఆ 48 రోజులు అయ్యాకే ఆసుపత్రికి అంటే మాత్రం ఒప్పుకోకు. నెయ్యి తింటూ స్కాన్‌కి వెళ్ళొచ్చు. పేరు లేని నాటు పొడులు మాత్రం వద్దు, వాటిలో ఏం కలుస్తుందో ఇచ్చేవాడికే తెలీదు. ఎంబ్రియో, అంటే పిండం, లోపల పెట్టాక నెల రోజులు మంచం దిగొద్దని ఇంట్లో అందరూ అంటారు. అలా పడుకుంటే లాభమేమీ లేదని డాక్టర్లే చెప్తారు, ఉద్యోగానికి వెళ్ళడమే నయం. ఇంట్లో ఉంటే ఫోన్లు వస్తాయి. "ఏమిటీ, విశేషమా?" అని మనవాళ్ళూ అదే అడుగుతారు, కింద ఫ్లాటు తమిళావిడా అదే అడుగుతుంది, మాట కూడా ఒకటే.

గర్భం నిలిచిందంటే, నలభై దాటినవాళ్ళకి షుగరు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ, ఆపరేషన్ అవకాశమూ ఎక్కువే. ఒక క్రోమోజోము ఎక్కువై పుట్టే డౌన్ సిండ్రోమ్ లెక్క 35లో మూడువందల యాభైలో ఒకటైతే 40లో వందలో ఒకటి. అంటే తొంభైతొమ్మిది మందికి ఉండదు. పదకొండు నుంచి పదమూడో వారం మధ్య బిడ్డ మెడ వెనక కొలిచే ఎన్‌టీ స్కాన్, రక్తపరీక్ష, ఇరవయ్యో వారం దగ్గర ఇంకో స్కాన్ తప్పించుకోకు.

ఇక స్వార్థమా అన్నావు. నాన్న మందులకి, చెల్లెలి పెళ్ళికి, తమ్ముడి కాలేజీకి నీ ఇరవైలు, ముప్పైలు ఇచ్చావు. అప్పుడు ఎవరూ నీకు ఆలస్యమవుతోందని చెప్పలేదు, ఇప్పుడు అందరూ చెప్తున్నారు. ఇంకా ఏం చెప్పమంటావు.

అమ్మమ్మ అనుకుంటారా అంటే, అనుకుంటారు. మా అమ్మాయి యూకేజీలో ఉండగా మీటింగ్‌కి వెళ్తే పక్క పిల్ల "ఉన్ పాట్టి వందిరుక్కాంగ" అంది, మీ అవ్వ వచ్చిందని. మా అమ్మాయి అవ్వ కాదు అమ్మ అని గట్టిగా చెప్పింది గానీ, ఇంటికొచ్చాక "అమ్మా, జుట్టుకి రంగేసుకోవా" అంది. వేసుకున్నాను. పదేళ్ళు వేసుకున్నాను. తర్వాత తనే మానేయమంది. అసలు ఇబ్బంది మాట కాదు, మోకాళ్ళు. అది స్కేటింగ్ నేర్చుకుంటానంటే వెనకాల పరిగెత్తలేకపోయాను, అప్పుడు మాత్రం ఏడ్చాను. కాబట్టి ఇప్పట్నుంచే నడక మొదలుపెట్టు. వేళచ్చేరి చెరువు గట్టునో ఇంటి మేడ మీదో. ఆయన చేత టర్మ్ ఇన్సూరెన్స్ తీయించు, తమ్ముడితో ఒక మాట ముందే అనుకోండి, మీకేమైనా అయితే బిడ్డ ఎవరి దగ్గర అని. నువ్వు చదివించిన తమ్ముడేగా.

చివరగా దత్తత. దీన్ని స్టెప్నీ టైరులా వెనకాల పెట్టుకోవద్దని నా మనవి. ట్రీట్‌మెంట్ పనిచేయకపోతే చూద్దాం అంటే ఆ బిడ్డకి న్యాయం కాదు. కానీ మీ ఇద్దరి మనసులోనూ ఆ కోరిక ముందునుంచే ఉంటే, నీ ఉత్తరంలో ఒక తేదీ ఉంది, నువ్వు గమనించలేదు. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే రిజిస్ట్రేషన్ నాటికి భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదని దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా నియమం. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకి 90, ఆపైన ఎనిమిదేళ్ళ లోపు బిడ్డకి 100. నీకు 41, ఆయనకి 44. సరిగ్గా 85. ఆయన పుట్టినరోజు వెళ్ళిందంటే 86. ఆ తర్వాత కూడా దత్తత తీసుకోవచ్చు గానీ పసిబిడ్డ వరస దాటిపోతుంది. రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన బిడ్డ వెంటనే రాదు, ఏళ్ళు పడుతుంది, ఆలోచించుకోవడానికి బోలెడు సమయం ఉంటుంది.

కాబట్టి ఆయనకి నైట్ షిఫ్టు లేని వారం చూసుకుని కూర్చోండి. ముందు నువ్వు చెప్పకు, ఆయన మనసులో ఏముందో అడుగు. ఇద్దరికీ సమ్మతమైతే కార్తీకం లోపల ఆ ఫారం నింపండి. పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతారు. అది నెల్లూరులో ఉండిపోయి ఉంటే తమ్ముణ్ణి ఇప్పుడే పంపమను.